జీతమిచ్చు భాషయు, జోలపాడిన భాషయు



ఇంటిలో మనము మాటాడు భాషను గూర్చి మనల నెవరును ప్రశ్నింపరు. కూరలో ఉప్పు తక్కువైనదని చెప్పుటకైనను, పసిబిడ్డను జోకొట్టుటకైనను, కాలికి ముల్లు గ్రుచ్చుకొన్నప్పుడు "అమ్మా" యని మూల్గుటకైనను మనకొకరి యనుమతి యక్కఱలేదు. కాని జీతమునకై యింకొకరి కొట్టులోనో, కార్యాలయములోనో, కర్మాగారములోనో అడుగుపెట్టిన క్షణమునుండి యీ స్వాతంత్ర్యము కొంత సందేహములో బడును. జీతమిచ్చువారు మన చేతిపనిని కొనుచున్నారు. మన కాలమును కొనుచున్నారు. దానితోబాటు మన నాలుకను గూడ కొనినట్లేనా? అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్పానిష్ భాష మాటాడు పనివారి విషయమున నీ ప్రశ్న నలువదియేండ్లకు పైబడి న్యాయస్థానముల మెట్లెక్కుచునే యున్నది.

మాకీ ప్రశ్న పుస్తకములనుండి రాలేదు. మా చెల్లెలి కుమార్తె టెక్సాసు రాష్ట్రమున నొక కార్యాలయములో ఉద్యోగము చేయుచున్నది. ఆ యమ్మాయి యిటీవల మాకిట్లు వ్రాసినది: "పెద్దమ్మా! మా అంతస్తులో మేము నలుగురము తెలుగువారము. మధ్యాహ్న భోజనమువేళ తెలుగులోనే మాటాడుకొందుము. ఇంతవరకు మమ్ము వద్దన్నవారు లేరు. అదే అంతస్తును ఊడ్చి తుడుచు స్త్రీలిద్దరు మెక్సికో దేశమువారు. నిన్న వారు తమ భాషలో నేదో చెప్పుకొని నవ్వుకొనుచుండగా వారి పైయధికారి వచ్చి, ఇచ్చట ఇంగ్లీషు తప్ప వేఱుమాట వినబడరాదని గద్దించెను. వారు తలలు వంచుకొని చీపుళ్లు తీసికొని వెడలిపోయిరి. మా ముద్ద గొంతు దిగలేదు. మాకు లేని నియమము వారికేల?"

ఆ పిల్ల యడిగినదానికి వెంటనే బదులు వ్రాయలేకపోతిమి. సంగతి నాలుగువైపులనుండి తెలిసికొన్న తరువాతనే వ్రాయదలచితిమి. తెలిసికొన్నదానిని పాఠికలకును నివేదించుచున్నాము.

ఈ భాష అచ్చటికెట్లు వచ్చెను?

స్పానిష్ భాషను అమెరికాలో నిన్న మొన్న వచ్చిన చుట్టముగా తలచువారు కలరు. చరిత్ర యట్లు చెప్పుట లేదు. ఇంగ్లీషువారు 1607లో జేమ్సుటౌనున కాపురము పెట్టుటకు నలువదిరెండేండ్లు ముందే, 1565లో, స్పెయిను దేశీయులు ఫ్లోరిడాలో సెయింటు ఆగస్టీను పట్టణమును స్థాపించిరి. పిమ్మట మెక్సికోతో యుద్ధము జరిగి, 1848లో గ్వాదలూపే ఇదాల్గో సంధి కుదిరినప్పుడు కాలిఫోర్నియా మొదలైన విశాల భూములు సంయుక్త రాష్ట్రములకు సంక్రమించెను. అచ్చట కాపురమున్న స్పానిష్ భాషీయుల ఇండ్లు కదలలేదు. ఇండ్లపై నెగురు జెండా మాత్రము మారినది. 1849 నాటి కాలిఫోర్నియా రాజ్యాంగము శాసనముల నన్నిటిని ఇంగ్లీషులోను స్పానిష్‌లోను ప్రకటింపవలెనని విధించినది. ముప్పదియేండ్లు గడచి 1879లో క్రొత్త రాజ్యాంగము వచ్చునప్పటి కా మర్యాద తొలగిపోయెను.

తరువాత 1898లో పోర్టోరికో ద్వీపము చేరెను. 1959లో క్యూబాలో ప్రభుత్వము మారినపిమ్మట వేలకొలది కుటుంబములు మయామీ నగరమునకు వలసవచ్చెను. మెక్సికోనుండియు, మధ్య అమెరికానుండియు పొలముల పనికి, వంటశాలల పనికి, ఇండ్ల పనికి వచ్చినవారు లెక్కకు మిక్కిలి. నేడా దేశమున ఇంటిలో స్పానిష్ మాటాడువారు 4 కోట్లకు పైగా నున్నారు. వారిలో సగముకంటె నెక్కువమంది ఇంగ్లీషు గూడ చక్కగా మాటాడగలవారే. కావున ఈ వివాదము ఇంగ్లీషు రానివారి సంగతి మాత్రమే కాదు. రెండు భాషలు వచ్చినవారు ఏ సమయమున, ఎవరితో, ఏది మాటాడవలెననుటయే దీనిలోని చిక్కు.

శాసన మేమి చెప్పినది?

1964లో అమెరికా ప్రభుత్వము పౌరహక్కుల శాసనమును చేసినది. దాని యేడవ భాగము జాతి, వర్ణము, మతము, లింగభేదము, పుట్టిన దేశము అను కారణములచేత పనివారియెడ భేదము చూపరాదని శాసించుచున్నది. పదునైదుగురు గాని, యంతకు మించి గాని పనివారు గల యజమానులందఱకు నిది వర్తించును. ఈ శాసనమున "భాష" యను మాట మాత్రము లేదు. చిక్కంతయు నచ్చటనే యున్నది. పుట్టిన దేశమునుబట్టి భేదము కూడదన్నప్పుడు, ఆ దేశపు మాటను నిషేధించుట భేదమగునా, కాదా?

ఈ శాసనమును నడపుటకు నియమింపబడిన ఉద్యోగ సమానావకాశ సంఘము 1980లో నొక సూత్రమును ప్రకటించెను. పనిదినమంతయు, విశ్రాంతివేళలందు గూడ ఇంగ్లీషే మాటాడవలెనను నియమమును అనుమానముతో చూడవలసినదే. కొన్ని వేళలకు మాత్రమే పరిమితమైన నియమము, పనికి నిజముగా నవసరమని యజమాని చూపగలిగినచో చెల్లును. ఏ వేళ మాటాడరాదో, మాటాడినచో నేమగునో ముందుగా పనివారికి తెలియజెప్పవలయును. చిన్ననాటినుండి యొక భాషకు అలవాటుపడిన నోరు, తెలియకయే యా భాషలోనికి జారునని యా సంఘము గుర్తించినది. ఇది మన స్త్రీలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. చేయి కాలినప్పుడు వచ్చు మాటను ఎవరు ఏరుకొని మాటాడగలరు?

అయితే న్యాయస్థానము లన్నియు నీ సూత్రమును శిరసావహింపలేదు. మూడు వ్యాజ్యముల కథ చెప్పిన సంగతి బోధపడగలదు.

ముగ్గురి కథలు

మొదటిది సరిహద్దు పట్టణమైన బ్రౌన్స్‌విల్లుది. అచ్చట గ్లూర్ అను కలప కొట్టులో గార్సియా యను యువకుడు విక్రేతగా నుండెను. ఆ కొట్టునకు వచ్చు బేరగాండ్రలో ననేకులు స్పానిష్‌లో మాటాడగోరువారు. అందుచేతనే రెండు భాషలు వచ్చినవానిని పనిలో పెట్టుకొనిరి. కాని బేరగాండ్రతో తప్ప పనివేళ తమలో తాము స్పానిష్ మాటాడరాదని కొట్టులో నియమము. 1975లో నొకనాడు తోటి పనివాడొకడు, బేరగాడడిగిన వస్తువు కలదా యని ఇతని నడిగెను. లేదని ఇతడు స్పానిష్‌లో చెప్పెను. యజమానులలో నొకరది వినిరి. ఉద్యోగము పోయెను. పనిలో నితర లోపములు గూడ కలవని యజమాని చెప్పెను గాని, వ్యాజ్యము మాత్రము భాషపైననే నడచినది. 1980లో అప్పీలు న్యాయస్థానము యజమాని పక్షమున తీర్పు చెప్పెను. రెండు భాషలు వచ్చినవానికి ఏది మాటాడుటయు నిచ్ఛాధీనమే. నియమమును పాటింపగలిగియు పాటింపలేదని వారి తర్కము. వాక్యము బేరగానితో చెప్పినయెడల జీతము, ప్రక్కవానితో చెప్పినయెడల బర్తరపు!

రెండవ కథ లాస్ ఏంజిలిస్ మండలములోని యొక చిన్న న్యాయస్థానములో జరిగినది. అచ్చట గుమాస్తాగా నున్న గుటియెరెజ్ అను ఆమె పనులలో, ఇంగ్లీషు రాని ప్రజలకు మాటలు తర్జుమా చేసి చెప్పుట యొకటి. 1984లో న్యాయాధిపతులు, తర్జుమా వేళ తప్ప గుమాస్తాలు ఇంగ్లీషే మాటాడవలెనని యాజ్ఞాపించిరి. ఆమె వ్యాజ్యము వేసినది. పలుభాషల గందరగోళము కలుగునని వారు వాదింపగా, ప్రజలతో దినమంతయు స్పానిష్ మాటాడించుచునే యున్నారు గదా, క్రొత్తగా కలుగు గందరగోళ మేమని 1988లో అప్పీలు న్యాయస్థానము ప్రశ్నించెను. పైయధికారులకు స్పానిష్ రాదు గనుక పని తనిఖీ చేయలేమన్న వాదమునకు, అట్లయిన స్పానిష్ వచ్చిన అధికారులను నియమింపుడని బదులు చెప్పెను. తీర్పు ఆమెకు జయమిచ్చెను. కాని మఱుసటియేడు అత్యున్నత న్యాయస్థానము, వివాదమే ముగిసిపోయినదని కారణము చెప్పి యా తీర్పును రద్దు గావించెను. గెలుపు నిలువలేదు.

మూడవది సాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణముననున్న స్పన్ స్టీక్ అను మాంసపు కర్మాగారపు కథ. అచ్చటి పనివారు 33 మంది. వారిలో 24 మంది స్పానిష్ మాటాడువారు. స్త్రీలిద్దరు, యంత్రముతో కదలివచ్చు పట్టీపైనుండి మాంసమును తీసి పెట్టెలలో సర్దుచుండిరి. వారు తోటిపనివారగు నల్లజాతి స్త్రీని, చైనా సంతతివారిని గూర్చి రెండు భాషలలోను హేళనగా మాటాడిరని ఫిర్యాదు వచ్చెను. 1990లో యజమాని, భోజన విశ్రాంతివేళలు తప్ప పనివేళ ఇంగ్లీషే మాటాడవలెనని నియమించెను. ఇద్దరును స్పానిష్ మాటాడినందుకు హెచ్చరిక లేఖలందుకొనిరి. రెండు మాసములపాటు ప్రక్కప్రక్కన నిలిచి పనిచేయరాదని గూడ వారిని వేఱుచేసిరి. 1993లో అప్పీలు న్యాయస్థానము, రెండు భాషలు వచ్చినవారికి దీనివలన హాని కలుగలేదని తీర్పు చెప్పెను. ఇంగ్లీషు బొత్తిగా రానివారి సంగతి మాత్రము వేఱుగా విచారింపవలసినదనెను. అత్యున్నత న్యాయస్థానము మఱుసటియేడు ఈ వ్యాజ్యమును విచారణకు స్వీకరింపలేదు.

ఈ మూడవ కథయందు మా మనస్సు మిక్కిలి యాగినది. హేళన జరిగియున్నయెడల శిక్షింపవలసినది హేళనను గదా? తిట్టినవారు రెండు భాషలలోను తిట్టిరని ఫిర్యాదు, నిషేధమొక్క భాషకే! తిట్టని యితరుల నోళ్లు గూడ దానితో మూయబడినవి.

గెలిచినవారును కలరు

నియమము హద్దుమీరినచోట పనివారు గెలిచిన సందర్భములు లేకపోలేదు. టెక్సాసులో దూరపు టెలిఫోను పిలుపులను కలుపు నొక సంస్థ, రెండు భాషలు వచ్చినవారని యేరి మఱీ పనిలో పెట్టుకొన్న వారినే, భోజనవేళ గూడ స్పానిష్ మాటాడరాదని కట్టడిచేసి, ఒప్పుకొననివారిని తొలగించెను. 2000లో న్యాయస్థానము పదుమువ్వురకు 7 లక్షల డాలర్లకు పైగా పరిహారము విధించెను. 2001లో సాన్ ఆంటోనియో నగరములోని యొక విశ్వవిద్యాలయము, గదులు శుభ్రపఱచు 18 మంది పనివారితో 24 లక్షల డాలర్లకు రాజీపడినది. దినమంతయు ఇంగ్లీషే మాటాడవలెనని నిర్బంధించిరనియు, అవమానకరములైన మాటలు పడితిమనియు వారి యారోపణ. 2012లో కాలిఫోర్నియాలోని డెలానో పట్టణపు వైద్యశాల, ఫిలిప్పీను దేశపు దాదులు మొదలగువారికి 9 లక్షల 75 వేల డాలర్లిచ్చుటకు సమ్మతించెను. ఇతరులు తమ తమ భాషలు మాటాడుచుండగా తమపై మాత్రము నిఘా పెట్టిరని వారి మొఱ. ఈ చివరి మాటను పాఠికలు గుర్తుంచుకొందురు గాక. మా పిల్ల జాబునకు దీనితో సంబంధము కలదు.

యజమానుల వాదము

ఒకవైపే వినుట న్యాయము కాదు. యజమానులు చెప్పు కారణములు నాలుగు. ప్రమాదములు గల పనిలో అందఱికి నర్థమగు నొక భాష యుండవలెనందురు. తాము వినలేని భాషలో పనివారేమి చెప్పుకొనుచున్నారో తెలియదందురు. బేరమునకు వచ్చినవారు తమ్ము గూర్చియే యేదో యనుకొనుచున్నారని శంకింతురందురు. ఇంగ్లీషు నేర్చిన పనివారికే మేలందురు.

వీనిలో మొదటిదానికి మేము తలయొగ్గుదుము. శస్త్రవైద్యము జరుగు గదిలోనో, మంటలార్పు చోటనో కేక వేసినయెడల అందఱికి నర్థము కావలయును. రహదారిలో పెద్ద లారీలు నడపువారు మార్గసూచికలను చదివి, అధికారులకు ఇంగ్లీషులో బదులు చెప్పగలవారై యుండవలెనను నిబంధన అచ్చట చాలకాలమునుండి కలదు. 2025లో దానిని మఱింత కఠినముగా నమలుపఱచిరి. అది ఒకరికి కష్టమైనను, దాని కారణము కంటికి కనబడుచున్నది. కాని యీ భద్రతా వాదమునకు రెండవ ముఖము గూడ కలదు. పనివారి క్షేమమును చూచు ప్రభుత్వ శాఖ 2010లో, ప్రమాద నివారణ బోధనము పనివారికి అర్థమగు భాషలోనే జరుపవలెనని స్పష్టపఱచెను. యంత్రమున చేయి పెట్టరాదని ఇంగ్లీషులో పలకవ్రాసి, చదువరాని వాని చేయి తెగినతరువాత పలక చూపుట భద్రత కాదు గదా!

రెండవ కారణమునకు గుటియెరెజ్ వ్యాజ్యముననే బదులు వచ్చినది. మూడవది సత్యమైన మనుష్య స్వభావము. దానినిగూర్చి చివర చెప్పెదము. నాల్గవది మాత్రము మాకు నచ్చలేదు. ఇంగ్లీషు నేర్పదలచినవారు తరగతులు పెట్టుదురు, విరామమిచ్చుదురు. లేఖలు వ్రాసి బెదరింపరు. నేర్చుకొనుట యచ్చటివారికి మేలే. పొరుగువారితో మాటాడుటకు, వైద్యునితో బాధ చెప్పుకొనుటకు, మోసము తెలిసికొనుటకు ఇంగ్లీషు వలయును. అయితే క్రొత్తకోడలు అత్తవారింటి యాచారము నేర్చుకొనవలెనన్నయెడల పుట్టింటి పేరెత్తరాదని యర్థమా?

ఒకరి శ్రమ, ఇంకొకరి లాభము

ఈ వివాదమంతయు చదివిన పిమ్మట మాకు స్పష్టముగా తోచిన సత్యమొకటి కలదు. స్పానిష్ భాషను అమెరికా వ్యాపారమెన్నడును వద్దనలేదు. కొట్టులో వస్తువు నమ్ముటకు, టెలిఫోనులో బదులు చెప్పుటకు, పత్రికలలో ప్రకటన లిచ్చుటకు ఆ భాష కావలయును. యజమానికి లాభము తెచ్చునప్పు డది గుణము. పనివారికి ఊరట నిచ్చునప్పు డది దోషము!

పోనీ, ఆ గుణమునకైనను తగిన వెల యిత్తురా? అనేక స్థలముల నీయరు. టెక్సాసులో స్పానిష్ సంతతికి చెందిన 311 మంది ప్రభుత్వ గూఢచారి శాఖోద్యోగుల పక్షమున జరిగిన వ్యాజ్యమిందుకు సాక్ష్యము. తమకు స్పానిష్ వచ్చునను కారణముచేత, గంటలకొలది దొంగచాటు టెలిఫోను సంభాషణలు వినుచు కూర్చుండు పనికి తమ్మే నియోగించిరనియు, అందువలన పై పదవులకు వలయు ననుభవము తమకు దక్కలేదనియు వారి ఫిర్యాదు. 1988లో న్యాయాధిపతి బంటన్ వారియెడ భేదము చూపబడినదని తీర్పు చెప్పెను. మఱియొకచోట, అరిజోనాలోని ట్యూసన్ నగరమున, స్పానిష్ పనికి అదనపు జీతము కోరిన రక్షకభటులు 1992లో ఓడిపోయిరి. రెండు భాషలు వచ్చిన గుమాస్తా తన బల్లపని చేసికొనుచు, ప్రక్కబల్లకు వచ్చినవారికి తర్జుమా చేసి, మరల తన పని యాలస్యమైనదని మాటపడుట సామాన్యము. ఇంటిలో అందఱికి వడ్డించి తాను చల్లారినది తిను ఇల్లాలికి ఈ న్యాయము క్రొత్త కాదు.

బేర మొక భాష, కాగిత మింకొక భాష

కార్యాలయములు దాటి గృహిణుల వాకిటికి వత్తము. భాషలో జరుగు అన్యాయము వంటయింటిలో నెట్లు ప్రవేశించునో చూపు కథయొకటి 1966లో న్యూయార్కు రాష్ట్రమున న్యాయస్థానమునకు వచ్చినది. ఫ్రిజ్జు లమ్ము సంస్థ విక్రేతయొకడు స్పానిష్ మాటాడు దంపతుల యింటికి పోయి, స్పానిష్‌లోనే తియ్యగా మాటాడెను. తన ఉద్యోగ మింకొక వారమే యున్నదని, కొనలేనని భర్త చెప్పెను. మీ బంధువులకు, ఇరుగుపొరుగువారికి మే మమ్ము ప్రతి ఫ్రిజ్జుపైన మీకు 25 డాలర్లు వచ్చును, మీ ఫ్రిజ్జు మీకు ఉచితముగా పడినట్లేయని విక్రేత నమ్మబలికెను. సంతకము చేయించుకొన్న ఒప్పందపు కాగితము మాత్రము మొదటినుండి తుదివఱకు ఇంగ్లీషు! దానిని వారికి చదివి చెప్పినవారు లేరు. అందులో ధర 900 డాలర్లు, వాయిదాలపై అదనముగా 245 డాలర్లు. మొత్తము 1,145 డాలర్లకు పైన. ఆ ఫ్రిజ్జునకు సంస్థవారు పెట్టిన వెల 348 డాలర్లే. న్యాయాధిపతి యిది మనస్సాక్షికి విరుద్ధమని తేల్చి, ఆ యసలు వెల మాత్రమే యిప్పింపనెంచెను. పై న్యాయస్థానము తగుమాత్రపు లాభమును, రవాణా ఖర్చును గూడ చేర్చుమనెను.

ఇట్టి మోసములను తలచియే కాలిఫోర్నియా రాష్ట్రము 1974లో నొక మంచి శాసనము చేసినది. బేరము ప్రధానముగా స్పానిష్‌లో జరిగినయెడల, అప్పు మొదలైన ముఖ్యమైన ఒప్పందముల తర్జుమాను సంతకమునకు ముందే చేతికీయవలయును. తరువాత చైనా, టగాలొగ్, వియత్నామీ, కొరియా భాషలకు గూడ దీనిని విస్తరింపజేసిరి. నోటిమాట యే భాషలో తియ్యగా నున్నదో, కాగితము గూడ నా భాషలో నుండవలెననుట యెంత న్యాయమైన సూత్రము! మన యిండ్లలో గూడ చీటీల కాగితములపైనను, బీమా పత్రములపైనను, అర్థముకాని భాషలో వ్రాసినవానిపై సంతకము చేయు స్త్రీలెందఱు లేరు? ఈ కథ వారికొఱకే చెప్పితిమి.

పాతిపెట్టిన మాటలు

పనిచోట నోరు మూయించుట ఉద్యోగముతో మొదలగునది కాదు. అది బడిలోనే మొదలయ్యెను. టెక్సాసు పశ్చిమ భాగమున మార్ఫా యను చిన్న యూరిలో బ్లాక్‌వెల్ పాఠశాల యుండెడిది. మెక్సికో సంతతి పిల్లలను వేఱుపఱచి యందులో చదివించిరి. 1954లో నొకనాడు పిల్లలచేత స్పానిష్ మాటలు చీటీలపై వ్రాయించి, పెట్టెలో పెట్టి, శవమును పాతినట్లు పాఠశాల యావరణములో పాతిపెట్టించిరి. ఇక బడిలో స్పానిష్ చచ్చినదని దాని భావము! 2007లో ఆ పిల్లలే పెద్దవారై మరల కూడుకొని, స్పానిష్ నిఘంటువు నొకదానిని నేలనుండి వెలికిదీసి, భాషకు పునర్జన్మ కలిగినట్లు వేడుక జరుపుకొనిరి. 2022లో ఆ పాఠశాలను జాతీయ చారిత్రక స్థలముగా చేయుటకు శాసనము చేసిరి.

నడుమ గడచిన యేబదియేండ్లలో జరిగిన నష్టము పూడునా? బడిలో దెబ్బలు తిన్న తల్లులు, తమ బిడ్డలకట్టి బాధ రాకూడదని, ఇంటిలో స్పానిష్ మాని వచ్చీరాని ఇంగ్లీషులో పెంచిరి. ఆ బిడ్డలు పెద్దవారగునప్పటికి కాలము మారెను. స్పానిష్ వచ్చినవారికే యుద్యోగమని ప్రకటనలు వచ్చెను. అమ్మమ్మతో మాటాడలేని మనుమరాలు రుసుము చెల్లించి, తన యమ్మమ్మ భాషను పరులవద్ద నేర్చుకొనవలసివచ్చెను. తల్లి తప్పేమియు లేదు. బిడ్డ కడుపు నిండవలెనని ఆమె తన గొంతు నొక్కుకొన్నది.

నేటి స్థితియు, మా బదులును

2025 మార్చి 1వ తేదీన అమెరికా అధ్యక్షుడు ఇంగ్లీషును ఆ దేశపు అధికార భాషగా ప్రకటించుచు ఆజ్ఞ వెలువరించెను. ఇంగ్లీషు సరిగా రానివారికి ప్రభుత్వ సేవలందించుటకై 2000లో వెలువడిన ఆజ్ఞను దానితో రద్దుచేసిరి. అయితే ఈ ఆజ్ఞ కొట్టు యజమానికి పనివారి నోరు మూయు నధికారమీయలేదు. 1964 నాటి శాసనమును మార్చనులేదు. అధికార భాష వేఱు, పనివారి హక్కు వేఱు. కాలిఫోర్నియాయే యిందుకు నిదర్శనము. 1986లో ప్రజల యోటుతో ఇంగ్లీషును అధికార భాషగా చేసికొన్న ఆ రాష్ట్రమే, వ్యాపారమునకు నిజమైన యవసరము లేనిదే పనిచోట భాషా నిషేధము కూడదని 2002 నుండి శాసనముగా నమలుపఱచినది.

మేము మా చెల్లెలి కుమార్తెకు వ్రాసిన బదులిది:

"అమ్మాయీ! పనికి కావలసినంతవఱకు యజమాని భాషను నియమింపవచ్చును. అంతకు మించి కాదు. వంటకు నిప్పెంత కావలెనో పొయ్యిలో నంతయే యుంచుదుము, ఇల్లంతయు మండింపము. మీ అంతస్తులో తెలుగు చెల్లినప్పుడు స్పానిష్ చెల్లదనుటలో పని యవసరమేమియు లేదు. మేజా దగ్గఱ కూర్చున్నవారికి మర్యాదయు, చీపురు పట్టినవారికి గద్దింపును గలదన్నచో అది భాషకు సంబంధించిన నియమమే కాదు. అట్టి నియమము వ్రాతలో కలదా, కలిగినయెడల మాకేల వర్తింపదని మీరు నలుగురు మర్యాదగా నడుగుడు. మీరడుగుట యా స్త్రీలడుగుటకంటె సులభము. వారు ఫిర్యాదు చేయదలచినచో సామాన్యముగా 180 దినములలోగా, కొన్ని రాష్ట్రములలో 300 దినములలోగా, ఉద్యోగ సమానావకాశ సంఘమునకు తెలుపవలెనని వారికి చెప్పుము. ఆ గడువు తెలియకనే యనేకుల మొఱలు చెల్లకపోవుచున్నవి.

"ఇంకొక మాట. మీరు నలుగురు భోజనము చేయునప్పుడు ఐదవయామె, తెలుగు రానిది, అదే బల్ల దగ్గఱ కూర్చుండునా? కూర్చుండినయెడల మీ నవ్వు దేనికో ఆమెకు తెలియదు. తన్ను గూర్చియే యనుకొనును. అట్లనుకొనుట మనుష్యస్వభావము, మనమును అట్లే యనుకొందుము. ఆమెకు కావలసినది నిషేధము కాదు, 'దీనికి నవ్వితిమి' యని చెప్పు నొక్క ఇంగ్లీషు వాక్యము మాత్రమే. విస్తరి ముందున్న యతిథిని మఱచి మనలో మనమే వడ్డించుకొందుమా? శాసనము చేయలేని పనిని మర్యాద చేయును."

కొన్నాళ్లకు జాబు వచ్చినది. నలుగురును పోయి యడిగిరట. అట్టి నియమము వ్రాతలో నెచ్చటను లేదని తేలినదట. పైయధికారి క్షమాపణ చెప్పలేదు. కాని తరువాత గద్దించినట్లును వినలేదట. ఆ యిద్దరు స్త్రీలలో పెద్దయామె మఱునాడు మా పిల్ల బల్ల తుడుచుచు ఒక్క స్పానిష్ మాట చెప్పి, దానిని మరల చెప్పించుకొని, నవ్వి పోయెనట. ఆ మాటకు మన భాషలో "బిడ్డా" యని యర్థమట.